సబ్‌స్క్రైబ్ చేశాం కదా, కబురెందుకు రాలేదు? వెబ్‌సబ్ చందా బతికుందో లేదో చూసుకునే పద్ధతి

నందిగామ: ఒక చిన్న ఏర్పాటు అనుకుందాం. నందిగామలో ఒక మసీదు కమిటీ తన ప్రకటనలన్నీ బ్లాగర్‌లో ఒక ఉచిత పేజీలో పెడుతోంది. జుమా టైము, ఈద్ నమాజు టైము, మదరసా అడ్మిషన్లు, ఎవరైనా ఇంతెకాల్ అయితే జనాజా నమాజు ఎప్పుడు, ఎక్కడ అన్నవి అందులో వస్తాయి. జగ్గయ్యపేట నుంచి కంచికచర్ల దాకా ఉన్న కుటుంబాల కోసం నడిచే ఒక చిన్న వార్తల సైటు ఆ పేజీకి సబ్‌స్క్రైబ్ చేసుకుంది. కమిటీ అక్కడ ఒక ముక్క రాస్తే నిమిషంలో సైటులో కనిపిస్తుంది, అక్కడి నుంచి జనం ఫోన్లకు వెళ్తుంది.

కొన్ని నెలలు బాగానే నడిచింది. ఒకరోజు పొద్దున కమిటీ జనాజా ప్రకటన పెట్టింది. జొహర్ తర్వాత నమాజు. సైటులో మాత్రం రాలేదు. జగ్గయ్యపేటలో ఉన్న మేనల్లుడికి అసర్ తర్వాత ఎవరో ఫోన్ చేస్తే తెలిసింది. అప్పటికి మట్టి ఇవ్వడం కూడా అయిపోయింది.

మేనల్లుడు సైటు చూసుకునే కుర్రాడికి ఫోన్ చేశాడు.

"మామూ జనాజా మీ సైట్లో ఎందుకు పెట్టలేదు భాయ్? కమిటీ వాళ్లు పొద్దున్నే రాశామంటున్నారు."

"మా దగ్గర ఆ పేజీకి సబ్‌స్క్రైబ్డ్ అనే చూపిస్తోంది భాయ్. ఎర్రర్ ఒక్కటి కూడా లేదు. ఏమీ రాలేదంటే వాళ్లు ఏమీ రాయలేదేమో అనుకున్నా."

ఇద్దరూ చెప్పింది నిజమే. కమిటీ రాసింది. సైటు పుస్తకంలో చందా ఉంది. కానీ మధ్యలో కబురు మోసేవాడి పుస్తకంలో ఆ చందా గడువు రెండు రోజుల క్రితమే అయిపోయింది. ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

ఇది ఊహించిన ఉదాహరణే అయినా, ఇందులో జరిగిన పొరపాటు చాలా మామూలుది. ఈ పద్ధతిని వెబ్‌సబ్ అంటారు. మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు షాపులకు, మదరసాలకు, మసీదు కమిటీలకు చిన్న చిన్న సైట్లు చేసిపెడుతున్నారు. వాళ్లకు ఇది తెలిసి ఉండాలి. సైట్ల మీద ఆధారపడే కుటుంబాలకు కూడా కొంత తెలిస్తే, కబురు రానప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది.

ఇక్కడ చందా అంటే మసీదులో పోగుచేసే చందా కాదు. పత్రికకు కట్టే చందా లాంటిది. డబ్బు మాత్రం ఉండదు.

మాటిమాటికీ అడగడమా, వచ్చినప్పుడు చెప్పించుకోవడమా?

ఒక సైటులో కొత్తగా ఏమైనా వచ్చిందా అని తెలుసుకోవడానికి రెండు దార్లున్నాయి. ఒకటి, మాటిమాటికీ వెళ్లి అడగడం. బస్టాండులో నిలబడి పావుగంటకోసారి "విజయవాడ బస్సు వచ్చిందా?" అని అడిగినట్టు. పావుగంటకోసారి అంటే రోజుకు 96 సార్లు. ఒక వార్తల సైటు 40 పేజీలను ఇలా చూస్తుంటే రోజుకు 3,840 సార్లు అడుగుతున్నట్టు లెక్క. అందులో చాలాసార్లు జవాబు "కొత్తదేం లేదు" అనే వస్తుంది. రెండువైపులా సర్వర్లకు వృథా పని. పైగా కబురు పావుగంట ఆలస్యం కావచ్చు.

తెలుగు బ్లాగులు బాగా నడిచిన రోజుల్లో కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సైట్లు ఉండేవి. ఎవరెవరో రాసిన కొత్త పోస్టులన్నీ ఒకేచోట చూపించేవి. అలాంటి సైటు ఏదైనా సరే, వందల బ్లాగుల్లో కొత్తది ఎప్పుడు వచ్చిందో ఎలాగోలా తెలుసుకోవాలి. అడుగుతూ తిరగడమే అప్పట్లో అందరికీ తెలిసిన దారి.

రెండో దారి, "కొత్తది వచ్చినప్పుడు మీరే చెప్పండి" అని ముందే పేరు రాయించుకోవడం. దీనికోసం 2009లో గూగుల్‌లో పనిచేసే బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్, బ్రెట్ స్లాట్కిన్ మొదలైనవాళ్లు ఒక పద్ధతి తయారుచేశారు. దాని పేరు పబ్‌సబ్‌హబ్‌బబ్. పలకడానికే కష్టం. తర్వాత దాన్నే సరిచేసి, వెబ్‌సబ్ అనే చిన్న పేరు పెట్టి, వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ 2018 జనవరి 23న అధికారిక ప్రమాణంగా ప్రకటించింది.

ఇందులో ముగ్గురుంటారు. రాసేవాడు పబ్లిషర్. మన ఉదాహరణలో మసీదు కమిటీ పేజీ. కబురు కావాలనుకునేవాడు సబ్‌స్క్రైబర్. అంటే వార్తల సైటు. మధ్యలో ఎవరెవరికి ఏ కబురు కావాలో పుస్తకం రాసుకుని మోసేవాడు హబ్. పొద్దున్నే పేపర్ల కట్ట దించుకుని, ఏ వీధిలో ఏ ఇంటికి ఏ పేపరో చూసుకుని వేసే ఏజెంటు లాంటివాడు.

బ్లాగర్ పేజీలకు గూగుల్ నడిపే ఉచిత హబ్ ఎప్పటినుంచో జత అయి ఉంది. యూట్యూబ్ కూడా తన చానెళ్లలో కొత్త వీడియో పడినా, ఉన్న వీడియో పేరో వివరణో మారినా ఇదే హబ్ ద్వారా చెబుతుంది. జుమా బయాన్ వీడియో చానెల్‌లో పడగానే మసీదు సైటులో దానంతటదే కనిపిస్తోందంటే, చాలాసార్లు వెనక ఉన్నది ఈ ఏర్పాటే.

చందా ఎలా మొదలవుతుంది

సబ్‌స్క్రైబర్ ముందుగా పబ్లిషర్ పేజీ తెరిచి రెండు విషయాలు చూస్తాడు. ఈ పేజీకి హబ్ ఎవరు, ఈ పేజీ అసలు అడ్రస్ ఏది. ఆ అసలు అడ్రస్‌నే టాపిక్ అంటారు. ఆ తర్వాత హబ్‌కు ఒక అర్జీ పంపుతాడు. "ఫలానా టాపిక్‌లో కొత్తది వస్తే నా ఫలానా అడ్రస్‌కు పంపండి" అని. కబురు అందుకునే ఆ అడ్రస్ పేరు కాల్‌బ్యాక్. ఎన్నాళ్లు కావాలో కూడా అడగొచ్చు.

అర్జీ సరిగా ఉంటే హబ్ 202 అనే నంబరుతో జవాబిస్తుంది. మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. 202 అంటే "మీ అర్జీ అందింది" అని మాత్రమే. సచివాలయంలో అర్జీ ఇస్తే రసీదు ఇస్తారు. రసీదు చేతిలో ఉన్నంత మాత్రాన కార్డు వచ్చినట్టు కాదు కదా. అయినా చాలామంది ప్రోగ్రాము రాసేటప్పుడు 202 రాగానే తమ పుస్తకంలో "సబ్‌స్క్రైబ్డ్" అని రాసేసుకుంటారు.

అసలు ఘట్టం తర్వాతిది. హబ్ తిరిగి ఆ కాల్‌బ్యాక్ అడ్రస్‌కు వచ్చి "మీరే అడిగారా?" అని విచారిస్తుంది. ఛాలెంజ్ అనే ఒక అక్షరాల వరుస ఇస్తుంది. సబ్‌స్క్రైబర్ ఆ అక్షరాలను ఉన్నదున్నట్టు తిరిగి అప్పజెప్పాలి. బ్యాంకు పంపిన ఓటీపీని తిరిగి కొట్టినట్టే. అప్పుడే చందా ఖాయమవుతుంది.

ఈ విచారణ లేకపోతే ఏమవుతుంది? పడనివాడు ఎవడైనా మీ సైటు అడ్రస్‌ను వంద చానెళ్లకు రాయించి, అడగని కబుర్లతో సర్వర్‌ను ముంచేయొచ్చు. అందుకే హబ్ అడిగిన ప్రతిదానికీ అవును అనకూడదు. ఈ టాపిక్ తాను నిజంగా అడిగిందేనా అని సబ్‌స్క్రైబర్ తన పుస్తకంలో చూసుకుని మరీ జవాబివ్వాలి. అడగనిదైతే 404 అని చెప్పి పంపేయాలి.

హబ్ అసలే ఒప్పుకోకపోతే డినైడ్ అనే కబురు పంపుతుంది. కుదిరితే కారణం కూడా చెబుతుంది. ఈ కబురు మొదట్లోనే రావాలని లేదు. ఒకసారి ఒప్పుకున్న చందాను కూడా హబ్ తర్వాత ఎప్పుడైనా ఇలా తీసేయొచ్చు. కాబట్టి కాల్‌బ్యాక్ దగ్గర ఈ కబురును కూడా చదివి రాసుకునే ఏర్పాటు ఉండాలి.

గడువు లేని చందా లేదు

విచారణకు వచ్చినప్పుడే హబ్ ఇంకో మాట చెబుతుంది. ఈ చందా ఎన్ని సెకన్లు నడుస్తుందో. దాన్ని లీజ్ అంటారు. ఇల్లు అద్దెకు తీసుకున్నట్టు అనుకోవచ్చు. ఎప్పటికీ నడిచే లీజ్ ఏ హబ్ కూడా ఇవ్వకూడదని వెబ్‌సబ్ నియమంలోనే ఉంది. గడువు దాటిన చందాను హబ్ ఆపేయాల్సిందే.

ఎందుకింత కచ్చితం? వదిలేసిన సైట్లు లోకంలో లెక్కలేనన్ని ఉన్నాయి. వాటి అడ్రస్‌లకు హబ్ ఏళ్ల తరబడి కబుర్లు మోస్తూ కూర్చోలేదు. కావాలనుకున్నవాడు మళ్లీ వచ్చి అడుగుతాడు, అక్కర్లేనివాడు రాలిపోతాడు. హబ్ వైపునుంచి చూస్తే న్యాయమైన లెక్కే.

సబ్‌స్క్రైబర్ ఎన్ని రోజులు అడిగినా, ఎన్ని ఇవ్వాలన్నది హబ్ ఇష్టం. సైటు కుర్రాడు 30 రోజులకని అడగొచ్చు. హబ్ 4,32,000 సెకన్లు అని చెప్పిందనుకోండి. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి అది సరిగ్గా 5 రోజులు. కుర్రాడి పుస్తకంలో 30 రోజులు, హబ్ పుస్తకంలో 5 రోజులు ఉంటే ఆరో రోజు నుంచి కబుర్లు రావు. కుర్రాడు మాత్రం ఇంకా 25 రోజులుందని నిశ్చింతగా ఉంటాడు.

కాబట్టి మొదటి నియమం ఇది. మనం అడిగిన గడువు రాసుకోకూడదు. విచారణలో హబ్ చెప్పిన గడువే రాసుకోవాలి.

రెండు పుస్తకాలు, ఒక చందా

బీకాం చదివినవాళ్లకు బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్ గుర్తుండే ఉంటుంది. షాపు క్యాష్ బుక్‌లో ఒక బ్యాలెన్సు, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంకో బ్యాలెన్సు. చెక్కు ఇచ్చాం కానీ వాళ్లు ఇంకా మార్చుకోలేదు. బ్యాంకు చార్జీలు కోసింది కానీ మన పుస్తకంలో ఎక్కలేదు. నెలాఖరున రెండూ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో పట్టుకోవాలి.

వెబ్‌సబ్ చందా కూడా ఇలాంటిదే. సబ్‌స్క్రైబర్ దగ్గర ఒక పుస్తకం, హబ్ దగ్గర ఒక పుస్తకం. కబురు వస్తుందా రాదా అన్నది తేల్చేది హబ్ పుస్తకం. కానీ మనం రోజూ చూసేది మన పుస్తకం.

ఇంకో చిక్కు కూడా ఉంది. "నా చందా ఇప్పుడు ఏ స్థితిలో ఉంది?" అని హబ్‌ను అడిగే పద్ధతి వెబ్‌సబ్ ప్రమాణంలో లేదు. చేరడం ఉంది, మానుకోవడం ఉంది, స్థితి అడగడం లేదు. గడువు అయిపోయిందని హబ్ ఫోన్ చేసి చెప్పదు కూడా. అది కబుర్లు ఆపేస్తుంది, అంతే. పబ్లిషర్ ఏమీ రాయకపోయినా నిశ్శబ్దమే, చందా చచ్చిపోయినా నిశ్శబ్దమే. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మన ఉదాహరణలో కుర్రాడు మోసపోయింది దీనివల్లే.

చూసుకునే దార్లు నాలుగు

మొదటిది, మన పుస్తకం సరిగా రాసుకోవడం. ప్రతి చందాకు టాపిక్, హబ్, కాల్‌బ్యాక్, అర్జీ పంపిన టైము, హబ్ విచారణకు వచ్చిన టైము, అది చెప్పిన గడువు, చివరి కబురు అందిన టైము రాసుకోవాలి. స్థితి కూడా ఉంది లేదు అని రెండు మాటల్లో తేల్చకూడదు. అర్జీ పంపాం, విచారణ అయింది, గడువు దగ్గరపడింది, గడువు దాటింది, హబ్ కాదంది అని ఐదు రకాలుగా ఉంటే మేలు. విచారణ జరగని చందా ఎప్పటికీ మొదటి గడి దాటకూడదు.

రెండోది, హబ్ పుస్తకం తెరిచి చూడటం. ప్రమాణంలో లేకపోయినా గూగుల్ హబ్ తన సైటులో దీనికి ఒక పేజీ పెట్టింది. అందులో కాల్‌బ్యాక్ అడ్రస్, టాపిక్ అడ్రస్ ఇవ్వాలి. చందా కట్టేటప్పుడు సీక్రెట్ పెట్టి ఉంటే అదీ ఇవ్వాలి. అప్పుడు ఆ చందా వివరాలు కనిపిస్తాయి. స్టేట్ అన్న చోట వెరిఫైడ్ అని ఉంటే విచారణ అయినట్టు. అన్‌వెరిఫైడ్ అంటే విచారణ పూర్తి కాలేదు, లేదా అలాంటి చందానే లేదు. ఎక్స్‌పైర్డ్ అంటే గడువు దాటింది. చివరిగా ఎప్పుడు విచారణ జరిగింది, గడువు ఎప్పుడు, విచారణలోనో కబురు పంపడంలోనో చివరిసారి ఏ ఎర్రర్ వచ్చింది అన్నవి కూడా విడివిడిగా ఉంటాయి.

ఈ పేజీలో రెండు జాగ్రత్తలు. ఒకటి, అడ్రస్‌లు అక్షరం తేడా లేకుండా ఇవ్వాలి. చివర ఒక గీత ఎక్కువైనా హబ్ దాన్ని వేరే చందాగా చూస్తుంది. "లేదు" అని చూపిస్తే చందా పోయిందని గాబరా పడకముందు అడ్రస్ సరిచూసుకోవాలి. రెండు, హబ్ టైము యూటీసీ లెక్కలో ఉంటుంది. మన టైముకు అయిదున్నర గంటలు కలుపుకోవాలి. గడువు 12:30 అని ఉంటే మనకు సాయంత్రం 6 గంటలు.

మూడోది, మళ్లీ చందా కట్టడం. ఏ హబ్‌కైనా పనికొచ్చే దారి ఇదొక్కటే. ఇప్పటికే నడుస్తున్న చందాకు మళ్లీ అర్జీ పెడితే హబ్ ఒప్పుకోవాలని నియమం. టాపిక్, కాల్‌బ్యాక్ అవే అయితే రెండు చందాలు కావు. పాతదాని స్థానంలో కొత్త గడువు ఎక్కుతుంది. విచారణ ఏదో కారణంగా ఫెయిలైతే పాత చందా ఎలా ఉందో అలాగే ఉంటుంది. కాబట్టి మళ్లీ కట్టడం వల్ల నష్టం లేదు. విచారణ వచ్చి ముగిసిందంటే హబ్ బతికుంది, మన అడ్రస్ దానికి అందుతోంది, చందా కొత్త గడువుతో ఖాయమైంది అని మూడు సంగతులు ఒకేసారి తేలినట్టే. స్థితి అడగడం, రెన్యువల్ రెండూ ఒకే దెబ్బకు అయిపోతాయి.

నాలుగోది, నిజంగా ఒక కబురు పంపి చూడటం. పబ్లిషర్ మనకు తెలిసినవాళ్లైతే "టెస్ట్" అని ఒక చిన్న పోస్టు పెట్టమని చెప్పి, అది సైటు దాకా వచ్చిందా, ఎంతసేపట్లో వచ్చింది అని గడియారం పెట్టుకుని చూడాలి. మొదటి మూడు దార్లు చందా ఉందా లేదా చెబుతాయి. కబురు చివరిదాకా చేరుతోందా అన్నది మాత్రం ఈ నాలుగో దారే చెబుతుంది.

వెరిఫైడ్ అని ఉన్నా కబురు రాకపోతే?

ఇలాంటివి కూడా జరుగుతాయి. ముఖ్యంగా సీక్రెట్ విషయంలో.

చందా కట్టేటప్పుడు సబ్‌స్క్రైబర్ హబ్‌కు ఒక రహస్యపదం ఇవ్వొచ్చు. హబ్ పంపే ప్రతి కబురు మీద ఆ పదంతో లెక్కకట్టిన ఒక ముద్ర వేస్తుంది. ముద్ర సరిపోతే కబురు అసలుది. సరిపోకపోతే దొంగది, పక్కన పడేయాలి. మంచి ఏర్పాటే. కానీ ఎవరో సర్వర్ మార్చినప్పుడు రహస్యపదం మారిపోయిందనుకోండి. హబ్ పాత పదంతో ముద్ర వేస్తుంది, సైటు కొత్త పదంతో సరిచూస్తుంది. ప్రతి కబురూ దొంగదిగా తేలి బుట్టలో పడుతుంది. ముద్ర కుదరకపోయినా సైటు "అందింది" అని హబ్‌కు చెప్పడం నియమం ప్రకారం తప్పు కాదు. దాంతో హబ్ పుస్తకంలో అంతా సవ్యంగా కనిపిస్తుంది. చందా ఉంది, కబురు అందింది, ఎర్రర్ లేదు. అయినా చదివేవాళ్లకు చేరలేదు. అందుకే బుట్టలో వేసిన ప్రతి కబురుకూ ఒక లెక్క రాసుకోవాలి.

తరచుగా తగిలే మిగతా కారణాలివి.

రెన్యువల్ చేసే పని ఆగిపోవడం. రోజూ ఫలానా టైముకు నడవాలని సర్వర్‌లో పెట్టిన పని, సైటును వేరే హోస్టింగ్‌కు మార్చినప్పుడు వెంట రాకపోవడం చాలా మామూలు. సైటు బాగానే తెరుచుకుంటుంది, చందాలు మాత్రం ఒక్కొక్కటే రాలిపోతాయి.

భద్రతా సర్టిఫికెట్ గడువు. చాలా చిన్న సైట్లు వాడే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్ 90 రోజులకు మించి నడవదు. అది పోతే హబ్ కాల్‌బ్యాక్ దాకా రాలేకపోవచ్చు. అప్పుడు విచారణా జరగదు, కబురూ చేరదు.

కాపలా మరీ గట్టిగా ఉండటం. రోబోలను ఆపే రక్షణ పెట్టుకున్న సైటు, హబ్‌ను కూడా రోబో అనుకుని గుమ్మంలోనే ఆపేస్తుంది. హబ్ నిజంగా రోబోనే. కాల్‌బ్యాక్ అడ్రస్‌కు మాత్రం దారి వదలాలి.

కాల్‌బ్యాక్ నుంచి 410 జవాబు వెళ్లడం. ఆ నంబరుకు "ఈ అడ్రస్ శాశ్వతంగా తీసేశాం" అని అర్థం. అది వింటే హబ్ చందాను రద్దు చేసేయొచ్చు. సైటు మరమ్మతు చేసేటప్పుడు తెలియక ఈ నంబరు పెడితే, మరమ్మతు అయ్యాక చందా మళ్లీ కట్టుకోవాల్సి రావొచ్చు.

టాపిక్ అడ్రస్ తప్పుగా ఇవ్వడం. బ్రౌజర్‌లో కనిపించే అడ్రస్ ఒకటి, పేజీ తన అసలు అడ్రస్ అని చెప్పుకునేది ఇంకొకటి కావచ్చు. చందా కట్టాల్సింది రెండోదానికి.

రెన్యువల్ ఎప్పుడు చేయాలి?

గడువు చివరి రోజు దాకా ఆగకూడదు. గడువు 5 రోజులైతే మూడో రోజే మళ్లీ కట్టడం మంచిది. ఆరోజు కరెంటు పోయినా, హబ్ పలకకపోయినా, ఇంకా రెండు రోజులు చేతిలో ఉంటాయి. ఈఎంఐ తేదీకి రెండు రోజుల ముందే ఖాతాలో డబ్బు వేసి పెట్టుకున్నట్టు. అర్జీ పెట్టిన గంటలోపు విచారణ రాకపోతే సైటు చూసేవాళ్ల ఫోన్‌కు మెసేజ్ వెళ్లాలి. ఆ మెసేజ్ వార్తలు మోసే దారిలో కాకుండా వేరే దారిలో వెళ్లాలి. తెగిన తీగ మీద తీగ తెగిందన్న కబురు పంపలేం.

దీంతోపాటు పాత పద్ధతిని పూర్తిగా వదలకూడదు. రోజుకు నాలుగైదు సార్లు సైటే స్వయంగా వెళ్లి కొత్తవి ఏమైనా ఉన్నాయా అని చూసుకోవాలి. అక్కడ కొత్తది ఉండి, హబ్ నుంచి కబురు రాలేదంటే, చందాలో తేడా ఉన్నట్టు ఆ పూటే తెలిసిపోతుంది. రోజుకు 96 సార్లు అడగడం వృథా గానీ, నాలుగుసార్లు అడగడం ఆడిట్ లాంటిది.

ఇంట్లో ఫోన్ దాకా ఇంకో చందా ఉంది

పైన చెప్పిందంతా పబ్లిషర్ నుంచి సైటు దాకా ఉన్న దారి. సైటు నుంచి మీ ఫోన్‌కు వచ్చే నోటిఫికేషన్ వేరే చందా. ఒకటి బాగుంటే రెండోది బాగున్నట్టు కాదు. యూట్యూబ్‌లో గంట బొమ్మ నొక్కడం కూడా వేరే లెక్కే. మీరు గంట నొక్కితే కబురు మీ ఫోన్‌కు వస్తుంది, సైటు చందాకు దానితో సంబంధం లేదు.

ఇంట్లో చూసుకోవాల్సినవి మూడే. సైటుకు నోటిఫికేషన్ అనుమతి ఇంకా ఉందా అన్నది బ్రౌజర్ సెట్టింగ్స్‌లో చూడాలి. మొత్తం ఫోన్‌లో ఆ యాప్ నోటిఫికేషన్లు ఆపేసి ఉన్నాయేమో చూడాలి. బ్యాటరీ ఆదా చేసే సెట్టింగ్ ఆ యాప్‌ను నిద్రపుచ్చుతోందేమో చూడాలి. ఫోన్ మార్చినా, బ్రౌజర్ డేటా చెరిపేసినా సైటుకు వెళ్లి మళ్లీ అనుమతి ఇవ్వాలి. పాత ఫోన్‌లో ఇచ్చిన అనుమతి కొత్త ఫోన్‌కు రాదు. అబ్బాకో నానికో కొత్త ఫోన్ కొనిచ్చిన రోజే పిల్లలు ఈ పని చేసిపెట్టాలి.

చాలారోజులుగా ఒక సైటు నుంచి ఏ కబురూ రాలేదంటే, సైటు తెరిచి చూడండి. అక్కడ కొత్తవి ఉంటే లోపం మీ ఫోన్ వైపు. అక్కడ కూడా పాతవే ఉండి, మసీదు పేజీలోనో చానెల్‌లోనో కొత్తవి ఉంటే లోపం సైటు చందాలో. అప్పుడు సైటు వాళ్లను "సబ్‌స్క్రైబ్ చేశారా?" అని అడిగితే "చేశాం" అనే వస్తుంది. అడగాల్సింది ఇంకోటి. "హబ్ చివరిసారి విచారణకు ఎప్పుడు వచ్చింది? గడువు ఎప్పటిదాకా ఇచ్చింది?" ఈ రెండు తేదీలు చెప్పగలిగితే సైటు సరిగా నడుస్తున్నట్టు. చెప్పలేకపోతే వాళ్లు చూస్తున్నది తమ పుస్తకం మాత్రమే.

ముందే చూసుకోవాల్సిన రోజులు

సైటు నడిపేవాళ్లు రమజాన్ 27వ రోజుకల్లా అన్ని చందాలూ ఒకసారి సరిచూసుకుంటే మంచిది. 29వ రోజు మగ్రిబ్ తర్వాత అందరూ చాంద్ కబురు కోసం ఫోన్ పట్టుకుని ఉంటారు. అప్పుడు గడువు అయిపోయిందని తెలిస్తే చేయగలిగింది తక్కువ. రెండు ఈద్‌ల నమాజు టైములకూ ఇంతే.

జనాజాకు ముందస్తు తేదీ ఉండదు. అందుకే ఆ ఒక్క కబురు కోసమైనా చందాలను రోజూ చూసుకునే ఏర్పాటు ఉండాలి. కమిటీలు కూడా పేజీలో పెట్టేశాం కదా అని ఊరుకోకుండా, దగ్గరి బంధువులకు ఒక ఫోన్ చేసే పాత అలవాటు మానకూడదు. మన ఉదాహరణలో చివరికి మేనల్లుడికి కబురు చేరింది ఫోన్ ద్వారానే. ఆ ఫోన్ పొద్దున్నే వచ్చి ఉంటే జొహర్‌కు నందిగామ చేరుకునేవాడు.